టీకా వేసినా మారెక్స్ ఎందుకు వచ్చింది? వైరస్ మారిపోయిందా?

ప్రశ్న: మా పొలంలో 400 గిరిరాజ కోళ్ళు పెంచుతున్నాను. నిరుడు ఐదారు కోళ్ళు కుంటుతూ చనిపోయాయి. అందుకని ఈసారి పిల్లలు వచ్చిన రోజే మారెక్స్ (కోళ్ళకు కాళ్ళు పడిపోయి, ఒంట్లో కణితులు పుట్టే వైరస్ జబ్బు) టీకా వేయించాను. ఉదయం కలిపిన మందుతో మధ్యాహ్నం దాటేదాకా వేశాం. అయినా పదిహేనో వారానికి 31 కోళ్ళు కాళ్ళు పడిపోయి చనిపోయాయి. పాత కోళ్ళు పక్క గదిలోనే ఉన్నాయి. వైరస్ డీఎన్‌ఏలో ముక్కలు రెట్టింపై అది కొత్త రూపం ఎత్తిందని, ఇక టీకా దండగని అంటున్నారు. నిజమేనా? మళ్ళీ టీకా వేయాలా? ఇది హెర్పిస్ జాతి వైరస్ అట, ఇంట్లో పిల్లలకు ప్రమాదమా? గుడ్లు అమ్మవచ్చా?
– ఒక మహిళా రైతు, దొడ్డబళ్ళాపురం తాలూకా, బెంగళూరు గ్రామీణ జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ ఇంట్లో పిల్లల సంగతి చెబుతాను. ఈ వైరస్ కోళ్ళది, మనుషులకు జబ్బు చేయదు. హెర్పిస్ అనేది ఒక పెద్ద కుటుంబం పేరు. మన పిల్లలకు ఆటలమ్మ తెచ్చే వైరస్ కూడా ఆ కుటుంబానిదే. అయితే ఆ పేరు వినగానే బెదిరిపోనక్కర్లేదు.

మీరు పంపిన ఫోటోలో పెట్ట ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి పక్కకు ఒరిగి ఉంది. ఆ వయసులో ఆ భంగిమ చూడగానే మాకు మొదట తోచేది మారెక్సే. 1907లో హంగరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ నాలుగు పుంజుల్లో వర్ణించింది కూడా ఈ కాళ్ళు పడిపోవడాన్నే. అయినా ఫోటో చూసి తీర్పు చెప్పలేను. చనిపోయిన కోడిని మీ పశువైద్యుడి చేత కోయించినప్పుడు తొడ లోపలి కండ విడదీసి, కాలికి వెళ్ళే పెద్ద నరాన్ని చూపించమనండి. ఆరోగ్యంగా ఉన్న నరం తెల్లగా మెరుస్తూ, మీద సన్నటి అడ్డచారలతో ఉంటుంది. మారెక్స్ సోకితే ఆ చారలు పోతాయి, నరం ఉబ్బి పసుపు, బూడిద రంగుల్లోకి తిరుగుతుంది. తరచుగా ఒక వైపు నరమే లావెక్కుతుంది కాబట్టి రెండు తొడలూ కోసి పక్కపక్కన పోల్చాలి. కాలేయం మీద, ప్లీహం మీద, అండాశయంలో తెల్లటి గడ్డలున్నాయేమో కూడా చూడాలి.

ఇక డీఎన్‌ఏ మాట. మీరు విన్నదాంట్లో సగం నిజం ఉంది. మారెక్స్ వైరస్ డీఎన్‌ఏ పొడవు సుమారు 1,75,000 అక్షరాలు. కొక్కెర తెగులు (రాణిఖేత్) వైరస్ లాంటి ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లంత వేగంగా ఇది మారదు, నకలు తీసేటప్పుడు తప్పులు దిద్దుకునే ఏర్పాటు దీనికి ఉంది. చిక్కల్లా ఒకే వాక్యం వరసగా మళ్ళీ మళ్ళీ వచ్చే చోట్లే. రామకోటి రాసేవాళ్ళను చూసే ఉంటారు. ఒకే మాట వరసగా రాస్తుంటే చూపు ఒక వరస జారి, లెక్క ఒకటి పెరగడమో తగ్గడమో మామూలే. వైరస్‌లోనూ అంతే. ఇందులో 132 అక్షరాల ముక్క ఒకటి ఉంది. వ్యాధి తెచ్చే వైరస్‌లో అది సాధారణంగా రెండు మూడు సార్లే ఉంటుంది. అదే వైరస్‌ను ప్రయోగశాలలో కణాల మీద పదేపదే పెంచితే ఆ ముక్కల వరస పొడవవుతుంది, దాంతోపాటే వైరస్ బలహీనపడుతుంది. అంటే ఈ ముక్కలు పెరిగిన వైరస్ భయంకరమైనదేమీ కాదు, తరచుగా మెత్తబడినదే. ముక్కలు పెరగడమే బలహీనతకు కారణం కాదని కూడా తర్వాతి పరిశోధనల్లో తేలింది. మాకు మాత్రం అది మెత్తబడిన వైరస్‌ను గుర్తుపట్టే పుట్టుమచ్చలా ఉపయోగపడుతుంది.

వైరస్‌ల మధ్య సహజంగా ఉండే తేడాలు మనకు మేలు కూడా చేశాయి. మారెక్స్‌కు వేసే టీకాల్లో ఒకటైన రిస్పెన్స్ టీకా మూలం నెదర్లాండ్స్‌లో ఒక ఆరోగ్యవంతమైన కోడిలో దొరికిన, పుట్టుకతోనే మెత్తనైన వైరస్. ఎక్కువగా వాడే హెచ్‌వీటీ టీకా అయితే టర్కీ కోళ్ళలో ఉండే, మారెక్స్ వైరస్‌కు దగ్గరి బంధువైన వైరస్.

మారెక్స్ వైరస్‌లో దశాబ్దాలుగా తీవ్రత పెరుగుతూ వచ్చిన మాట వాస్తవమే. టీకా కణితులను, పక్షవాతాన్ని అడ్డుకుంటుంది కాని వైరస్ సోకకుండా ఆపదు. 2015లో ప్రచురితమైన ప్రయోగాల్లో, టీకా లేని కోళ్ళు అతి తీవ్రమైన రకాలకు త్వరగా చనిపోయాయి, టీకా వేసినవి బతికి ఆ వైరస్‌ను ఎక్కువ కాలం వెదజల్లాయి. దీన్ని బట్టి టీకా మానేయమని ఎవరైనా అంటే దయచేసి వినకండి. టీకా లేని మందలో నష్టం ఇంకా ఎక్కువగా ఉంటుంది.

నా అనుమానం మాత్రం మీ వైరస్ మీద కంటే మీ షెడ్డు మీద, ఆ రోజు టీకా వేసిన తీరు మీద. నిరుత్సాహపరచాలని కాదు, ఇవి మీ చేతిలో ఉన్న సంగతులు కాబట్టి చెబుతున్నాను. కలిపిన మందును ఐసు మీద ఉంచి గంటలోపు అయిపోజేయాలి. మధ్యాహ్నం దాకా ఉంచారంటే చివరి పిల్లలకు అందిన మందులో బతికున్న వైరస్ ఎంత మిగిలిందో చెప్పలేం. రెండోది, పాత కోళ్ళు. ఈ వైరస్ పూర్తి రూపంలో తయారయ్యేది ఈకల మొదళ్ళలో. అక్కడి నుంచి పొట్టుగా రాలి, దుమ్ములో నెలల తరబడి బతుకుతుంది. మీ షెడ్డులోని సాలెగూళ్ళ మీద పేరుకున్న ఆ బూడిద రంగు దుమ్మే దాని కాపురం. టీకా పని చేయడానికి వారం పది రోజులు పడుతుంది, పక్క గది దుమ్ము మొదటి రోజే చేరుతుంది.

ఇప్పుడున్న కోళ్ళకు మళ్ళీ టీకా వేయకండి, ఉపయోగం లేదు. దీనికి మందు కూడా లేదు. కుంటేవాటిని వేరు చేయండి, చనిపోయినవాటిని సున్నం చల్లి లోతుగా పూడ్చండి. జబ్బు కోళ్ళను మాంసానికి అమ్మకండి. గుడ్లు అమ్మవచ్చు, ఈ వైరస్ గుడ్డు ద్వారా కోడిపిల్లకు రాదు. ఈ మంద అయిపోయాక పాత లిట్టరంతా (కోళ్ళ కింద పరిచిన ఊక, పొట్టు) దూరంగా తరలించి, దూలాలు, జాలీలు దులిపి, కడిగి, ఎండనిచ్చి, క్రిమిసంహారకం చల్లి, షెడ్డు రెండు మూడు వారాలు ఖాళీగా ఉంచండి. కొత్త పిల్లలను పాత కోళ్ళకు వీలైనంత దూరంగా పెంచండి. ఉదయం ముందు పిల్లలకు మేత వేసి, ఆ తర్వాతే పెద్ద కోళ్ళ దగ్గరకు వెళ్ళండి. చెప్పులు వేరుగా ఉంచుకోండి.

ఈ వారంలోనే కొత్తగా కుంటుతున్న రెండు మూడు కోళ్ళను బతికుండగానే హెబ్బాళ పశువైద్య కళాశాల పాథాలజీ విభాగానికి తీసుకువెళ్ళండి. టీకా సీసా లేబుల్ దాచి ఉంటే అది కూడా పట్టుకెళ్ళండి. అందులో ఏ వైరస్ ఉందో తెలిస్తేనే, ఈకల మొదళ్ళ నుంచి తీసిన డీఎన్‌ఏలో దొరికింది టీకాదా, బయటిదా అన్నది తేల్చుకోగలరు.