జెఫర్సన్ 'ఆస్తి'ని ఎందుకు వదిలేశాడు? – సమాధానం

మీరు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ నుంచి నేరుగా అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన జెఫర్సన్ దగ్గరికి వెళ్లిపోయారు, చిక్కు అక్కడే వచ్చింది. మనిషి సహజ హక్కులంటే ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి అని లాక్ అన్నాడు. జెఫర్సన్ రాసిన 1776 ప్రకటనలో ఆస్తి బదులు ఆనందాన్వేషణ ఉంది, అంటే ఆస్తి హక్కు లేనట్టేనా అన్నది కదా మీ ప్రశ్న? లేనట్టు కాదు.

1. ఈ రెంటి మధ్యలో వర్జీనియా హక్కుల ప్రకటన చదవండి. చాలామంది దాటేసేది ఇదే. జార్జ్ మేసన్ చిత్తుప్రతి రాశాడు, 1776 జూన్ 12న ఆమోదించారు. మొదటి సెక్షన్ చూడండి: ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి సంపాదించి ఉంచుకునే వీలు, ఆనందం, భద్రత, అన్నీ ఒకే వాక్యంలో ఉన్నాయి. నాకైతే అది చదివాకే అసలు విషయం అర్థమైంది.

2. జులై 4 నాటి స్వాతంత్ర్య ప్రకటనలో ఆ వరుసే పొట్టిగా కనిపిస్తుంది: ప్రాణం, స్వేచ్ఛ, ఆనందాన్వేషణ.

3. ఆస్తి హక్కు పోలేదనడానికి 1791లో అమెరికా రాజ్యాంగానికి వచ్చిన ఐదో సవరణ చూడండి. సరైన చట్ట ప్రక్రియ లేకుండా ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి లాక్కోకూడదని అందులో రాసి ఉంది.