కొత్త పికప్ ఆయిల్ తాగుతోంది, షోరూమ్ వాళ్లు ‘మామూలే’ అంటున్నారు

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. 16 నెలల క్రితం 9.8 లక్షలకు బీఎస్6 డీజిల్ పికప్ ఫైనాన్స్‌లో తీసుకున్నాను. నేనే తోలుతాను, ఒక్కోసారి మా తమ్ముడు తోలుతాడు. టమాటా లోడు చెన్నై, బెంగళూరు వేస్తాం. అయిదు నెలలుగా ప్రతి 1,500 కిలోమీటర్లకు లీటరు దాకా ఇంజిన్ ఆయిల్ పోయాల్సి వస్తోంది. కింద ఎక్కడా కారడం లేదు. షోరూమ్‌కు మూడుసార్లు వెళ్తే ‘లోడు బండికి ఇది మామూలే’ అని ఆయిల్ పోసి పంపించేశారు. వారంటీ మూడేళ్లు ఉంది. కిరాయి బండికి వినియోగదారుల కమిషన్‌లో కేసు చెల్లదని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారుల కిందికి రారని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(7) చెబుతుంది. ఊళ్లో వాళ్లు విన్నది అంతవరకే. అదే సెక్షన్ కింద ఒక వివరణ ఉంది. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొని వాడుకుంటే అది వ్యాపారం కింద లెక్క కాదు. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు మీలాంటి వాళ్లనే ఉదాహరణగా చూపింది. సొంతంగా తోలుకుని బతకడానికి ట్రక్కు కొన్నవాడు వినియోగదారుడేనని, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని చెప్పింది. కాబట్టి మీ తమ్ముడు తోలడం అడ్డం కాదు. పూర్తిగా జీతం డ్రైవర్ మీద నడిచే బండి అయితే నేనింత ధైర్యంగా చెప్పేవాడిని కాదు. ఈ బండే మీ జీవనాధారమని, మీరే తోలుతారని ఫిర్యాదు మొదటి పేజీలోనే రాసి, లైసెన్స్ కాపీ జత చేయండి. కంపెనీ వకీలు మొదట పట్టుకునేది ఈ పాయింటునే.

నాకు టెన్షన్ పెట్టింది మీరు పంపిన షోరూమ్ సర్వీసు కాగితాలు, అంటే జాబ్ కార్డులు. రెండింటిలో కస్టమర్ ఫిర్యాదు రాసే గడి ఖాళీ. మూడోదాంట్లో ‘ఆయిల్ టాప్ అప్, ఓకే’ అని ఉంది, కింద మీ సంతకం. రేపు వాళ్లు ఈ కాగితాలనే చూపించి, మీరు ఎన్నడూ ఫిర్యాదు చేయలేదంటారు. ఈసారి వెళ్లినప్పుడు ‘1,500 కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తగ్గుతోంది’ అని రాశాకే సంతకం పెట్టండి. వాళ్లు రాయడానికి ఒప్పుకోకపోతే అక్కడి నుంచే కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి.

అలాగే ఆయిల్ కన్సంప్షన్ టెస్ట్ చేయమని రాతపూర్వకంగా అడగండి. ఆయిల్ గరిష్ఠ గీత దాకా నింపి, డ్రెయిన్ ప్లగ్‌కూ పైమూతకూ సీలు వేసి, మీటర్ రీడింగ్ రాసుకుంటారు. 1,000 కిలోమీటర్లు తిరిగొచ్చాక ఎంత తగ్గిందో కొలుస్తారు. ఏ ఇంజినైనా కొంత ఆయిల్ ఖర్చు చేస్తుంది, ఎంతవరకు ఫర్వాలేదో కంపెనీలకు ఒక లెక్క ఉంటుంది. మీ ఓనర్ మాన్యువల్‌లో ఆ అంకె ఉందేమో చూడండి. లేకపోతే ‘మామూలే’ అంటే ఎన్ని మిల్లీలీటర్లో రాసివ్వమని అడగండి. దాన్ని మించి తగ్గితే తప్పు పిస్టన్ రింగులదా, వాల్వ్ సీళ్లదా, టర్బోదా అన్నది వెతకాల్సింది వాళ్లు.

మీరూ లెక్క పెట్టుకోండి. వారానికోసారి, పొద్దున్నే లోడు లేకుండా, చదును నేల మీద ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, ఆయిల్ ఎక్కడిదాకా అంటిందో ఫోటో తీయండి. వెంటనే మీటర్ ఫోటో కూడా. ఒక్క ఫోటోతో ఏమీ తేలదు. చాలా బీఎస్6 డీజిల్ బండ్లలో డీపీఎఫ్‌లోని (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసిని కాల్చేటప్పుడు కొంత డీజిల్ ఆయిల్‌లో కలిసి, మట్టం తగ్గనట్టే కనిపించవచ్చు. వారాల వరుస ఉంటేనే అసలు సంగతి బయటపడుతుంది. డీపీఎఫ్ లైటు వెలిగితే ఆ తేదీ కూడా రాయండి. ఇంజిన్‌లో కాలిన ఆయిల్ బూడిద ఆ ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది, దాని ఖర్చు మామూలుగా ఉండదు. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిలే పోసి ప్రతి డబ్బాకూ బిల్లు తీసుకోండి. లేకపోతే బయటి ఆయిల్ పోశారని నెపం మీ మీదికే నెడతారు.

ఇక గడువు. వారంటీ మూడేళ్లుంది కదా అని నిదానించకండి. కేసు వేయడానికి చట్టం ఇచ్చింది కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లే. ఆయిల్ తగ్గడం మొదలైన నెల నుంచే లెక్క వేసుకోండి.

ముందు డీలర్‌కూ, తయారీ కంపెనీకీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయించండి. కదలిక లేకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. మీ బండి ధరకు ఫీజు 200 రూపాయలు. సెక్షన్ 38 కింద కమిషనే లోపాన్ని ల్యాబ్ పరీక్షకు పంపగలదు, ఆ ఖర్చు ముందుగా మీరు కట్టాలి.

కొత్త బండి వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. వారంటీ పాడైన భాగానికే ఉన్నప్పుడు మొత్తం వాహనం మార్చమనడం కుదరదని 2006లో సుప్రీంకోర్టు మారుతి కారు కేసులో చెప్పింది. ఇంజిన్‌ను ఉచితంగా బాగుచేయాలని, పోయిన కిరాయిలకూ ఆయిల్ బిల్లులకూ పరిహారం ఇవ్వాలని గట్టిగా అడగండి. కిరాయి పుస్తకం, మార్కెట్ చీటీలు దాచి ఉంచండి.

ఈఎంఐలు మాత్రం ఆపకండి. షోరూమ్ మీద కోపంతో ఆపేస్తే ఫైనాన్స్ వాళ్లు బండి పట్టుకుపోతారు. అప్పుడు పరీక్షకు పంపడానికి మీ దగ్గర బండే ఉండదు.