మాస్టారి స్మారక సంచిక: అడిగినవాటికి జవాబులు

ఏళ్ల తరబడి జర్నలిజం పాఠాలు చెప్పిన ఒక ప్రొఫెసర్ గారు పోయారు. దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా ఆయన శిష్యులు ఉన్నారు. సంవత్సరీకం నాటికి సంచిక తేవాలని వాళ్లూ ఇంట్లోవాళ్లూ పని మొదలుపెట్టి, చిక్కుపడ్డ చోటల్లా మాకు ఉత్తరం రాశారు. ఇలాంటి పని తలకెత్తుకున్నవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి జవాబులు ఇక్కడే ఇస్తున్నాం. పేర్లు వేయొద్దన్నారు, వేయలేదు.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో ‘సార్ గురించి మీ జ్ఞాపకాలు రాయండి’ అని పెట్టాం. కుప్పలుగా వచ్చాయి. కానీ కింద పేరు తీసేస్తే ఏది ఎవరు రాశారో పోల్చుకోలేం. ఇప్పుడేం చేయాలి?
– పూర్వ విద్యార్థి, బరంపురం

జవాబు: రాసినవాళ్లని అనాల్సిన పని లేదు, అడిగిన తీరే అలా ఉంది. ‘గురించి రాయండి’ అంటే ఎవరైనా పొగడ్తే రాస్తారు. మళ్లీ అడగండి, ఈసారి ప్రశ్నలు వేసి అడగండి. మీ కాపీలో (మీరు రాసిచ్చిన వార్తలో) సార్ కొట్టేసిన వాక్యం ఏది? దాని బదులు ఏం రాయమన్నారు? మొదటిసారి మిమ్మల్ని ఎక్కడికి పంపారు, మున్సిపాలిటీకా, కోర్టుకా, ఆస్పత్రికా? ఏ వివరం లేదని మళ్లీ తిప్పి పంపారు? ఇవాళ పత్రిక డెస్కులో మీరు చేసే పనుల్లో ఆయన అలవాటు చేసినదేది? ఇవి చాలు. 300 మాటలు దాటొద్దనండి, 15 రోజులు గడువివ్వండి. గడువు లేకపోతే రిపోర్టర్లే అందరికంటే ఆలస్యంగా ఇస్తారు.

వచ్చినవాటిలో ‘తీరని లోటు’, ‘చెరగని ముద్ర’, ‘నడిచే విజ్ఞాన సర్వస్వం’ కనిపించిన చోటల్లా కొట్టేయండి. రాసినవాళ్ల అనుమతి కూడా అక్కర్లేదు. ఆయన చేతికి ఇచ్చినా అదే చేసేవారు.

ఇక అసలు సరుకు ఆయన దిద్దిన కాపీలు. పాత అసైన్‌మెంట్లు ఎవరి అటక మీదో, ఎవరి ట్రంకుపెట్టెలోనో ఉంటాయి. ‘నిన్న జరిగిన ఘోర రోడ్డు ప్రమాదంలో పలువురు మృత్యువాత పడ్డారు’ అని ఒక విద్యార్థి రాశాడనుకోండి. ‘ఘోర’ మీద ఎర్రగీత. ‘పలువురు’ చుట్టూ సున్నా, పక్కన ‘ఎంతమంది?’. ‘మృత్యువాత’ కొట్టేసి పైన ‘చనిపోయారు’. మార్జిన్‌లో ‘ఎక్కడ? ఏ బస్సు? ఎన్నింటికి?’. ఇలాంటి కాగితం ఒక్కటి దొరికితే ఆయన ఎలాంటి మాస్టారో చదివేవాడికి తెలిసిపోతుంది. అది పది వ్యాసాల పెట్టు. వీటిని రంగుల్లోనే స్కాన్ చేయాలి. నలుపు తెలుపులో చేస్తే ఎర్రసిరా, నీలిసిరా ఒకే బూడిదరంగులోకి పోయి ఎవరి రాత ఏదో తెలియదు. రంగు అచ్చుకి ఖర్చెక్కువ కాబట్టి ఇలాంటివన్నీ ఒకచోట చేర్చి, మధ్యలో 8 పేజీలు ఆర్ట్ పేపర్ మీద వేయించండి.

రాయలేని పెద్దవాళ్లకి, సిబ్బందికి, టీకొట్టు ఆయనకి ఫోన్ చేయండి. అరగంట చాలు. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పండి. అరగంట మాటని కాగితం మీద పెట్టడానికి రెండు గంటల పైనే పడుతుంది. ఈ లెక్క ముందు వేసుకోకే చాలామంది సగంలో వదిలేస్తారు.

ఒక హెచ్చరిక. ప్రతి జర్నలిజం మాస్టారి మీదా చెప్పే జోకులు కొన్ని ఉంటాయి. కుక్క మనిషిని కరిస్తే వార్త కాదన్నది వాటిలో పెద్దది. అది మీ సారే పుట్టించినట్టు ఎవరైనా రాస్తే తీసేయండి. ఒకే సంఘటనని ముగ్గురు మూడు రకాలుగా చెబితే, ఆ గదిలో నిజంగా ఉన్నది ఎవరో కనుక్కోండి. అప్పటికీ తేలకపోతే చెప్పినవాళ్ల పేరుతో వేయండి, సంపాదకుల మాటగా వేయొద్దు.

ప్రశ్న: నాన్నగారి పుట్టినతేదీ సర్టిఫికెట్‌లో ఒకటి, జాతకంలో ఒకటి. పేరు కూడా ఒడియా పత్రికల్లో ఒకలా, తెలుగులో ఒకలా ఉంది. జీవిత వివరాల పేజీలో ఏది వేయాలి?
– ఆయన కుమార్తె, పర్లాకిమిడి

జవాబు: రెండూ వేయండమ్మా, ఏది ఎక్కడిదో చెప్పి. ఆ తరం వాళ్లకి బడిలో చేర్పించినప్పుడు మాస్టారు వేసిన తేదీయే రికార్డు తేదీ. వయసు లెక్కకి జాతకం తీసుకోండి. ఉద్యోగంలో చేరడం, రిటైరవడం మాత్రం రికార్డు తేదీకే ముడిపడి ఉంటాయి. సాధారణంగా పుట్టిననెల ఆఖరి రోజున రిటైర్ చేస్తారు. రికార్డులో ఒకటో తారీఖు ఉంటే అంతకుముందు నెల ఆఖరి రోజే. ఈ రెండు తేదీలూ కలగాపులగం అయితే సర్వీసు లెక్క ఎప్పటికీ కుదరదు.

జాతకంలో సంవత్సరం పేరు, మాసం, తిథి ఉంటాయి. సంవత్సరం పేరు అరవై ఏళ్లకి గానీ తిరిగి రాదు కాబట్టి తికమక ఉండదు. ఉదాహరణకి ‘ఖర’ అని ఉంటే 1951 ఉగాది నుంచి 1952 ఉగాది దాకా. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. తెల్లవారుజామున మూడింటికి పుట్టినవాళ్లకి జాతకంలో ముందు రోజు వారమే రాస్తారు, ఇంగ్లీషు తేదీ మాత్రం అప్పటికే మారిపోయి ఉంటుంది.

ఊరు, జిల్లా రాసేటప్పుడు కూడా కాలం చూసుకోవాలి. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి. అంతకుముందు పర్లాకిమిడి గంజాం జిల్లాలో, రాయగడ కొరాపుట్‌లో ఉండేవి. ‘1951లో గజపతి జిల్లాలో జన్మించారు’ అని రాస్తే తప్పు. ‘పర్లాకిమిడి (అప్పటి గంజాం జిల్లా)’ అనండి. తాతగారి కాగితాల్లో మద్రాసు అని కనిపిస్తే కంగారు పడకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీయే.

పేరు సంగతి. మన ఇంటిపేరు ముందు, ఒడియావాళ్లది వెనక. ఒడియా పత్రికలు బైలైన్‌లో (వ్యాసానికి వేసే రచయిత పేరులో) ఇంటిపేరుని తరచు చివరికి జరిపేస్తాయి. పైగా మన ‘వ’కి ఒడియాలో చాలాసార్లు ‘భ’ రాస్తారు, ‘వెంకట’ కాస్తా ‘భేంకట’ అవుతుంది. లైబ్రరీలో పాత సంపుటాలు వెతికేవాళ్లకి ఈ రూపాలన్నీ ఒక చీటీ మీద రాసివ్వండి. లేకపోతే ఉన్న వ్యాసం కూడా లేదనుకుని తిరిగొస్తారు. సంచికలో మాత్రం ఆయన సంతకం చేసిన రూపం ఒక్కటే మొదటి పేజీ నుంచి చివరిదాకా ఉండాలి.

ప్రశ్న: ఆయన వ్యాసాల క్లిప్పింగులు పచ్చబడి పెళుసెక్కాయి. లామినేషన్ చేయిద్దామా? ప్రసంగాల క్యాసెట్లు కూడా కొన్ని ఉన్నాయి.
– శిష్యుడు, గుణుపురం

జవాబు: లామినేషన్ వద్దే వద్దు. న్యూస్‌ప్రింట్‌లో కలప గుజ్జులోని లిగ్నిన్ ఉండిపోతుంది, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ ఆమ్లం పుట్టి కాగితాన్ని తినేస్తుంది. వేడి ప్లాస్టిక్ మధ్య మూసేస్తే ఆ ఆమ్లం లోపలే ఉంటుంది, తర్వాత విప్పడానికీ వీలుండదు. సెల్లోటేపు కూడా అంతే, పదేళ్లకి టేపు ఊడుతుంది, గోధుమరంగు మరక మాత్రం ఉండిపోతుంది.

ముందు స్కాన్ చేయండి. అక్షరాలకి 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), చిన్న ఫొటోలకి 600. ఏ4 కాగితం రంగుల్లో 300లో చేస్తే టిఫ్ ఫైలు దాదాపు 26 ఎంబీ వస్తుంది, 600లో దానికి నాలుగింతలు. పేపర్లో అచ్చయిన ఫొటో చుక్కల కూర్పు కాబట్టి స్కాన్‌లో గళ్లుగళ్లుగా చారలు వస్తాయి. 600లో తీసి, స్కానర్‌లో డీస్క్రీన్ (ఆ చారలు తగ్గించే సెట్టింగు) ఆన్ చేసి, తర్వాత సైజు తగ్గించండి. ఫోన్‌తో తీయక తప్పకపోతే ఫ్లాష్ ఆపి, కిటికీ నీడ వెలుతురులో, ఫోన్‌ని కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయాలి. పంపేటప్పుడు వాట్సాప్‌లో ‘ఫొటో’గా కాక ‘డాక్యుమెంట్’గా పంపాలి. ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోయి అచ్చులో మసకగా వస్తుంది. ప్రతి ఫైలు పేరులో సంవత్సరం, నెల, తేదీ, పత్రిక పేరు అదే వరుసలో ఉండాలి. క్లిప్పింగ్ మీద తేదీ లేకపోతే వెనకవైపు చూడండి, అక్కడి సినిమా ప్రకటనో, మార్కెట్ ధరలో వారాన్ని పట్టిస్తాయి.

క్యాసెట్ల విషయంలో తొందరపడొద్దు. క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు ఉంటే దాన్ని మీ డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) పెట్టకండి. బూజు హెడ్‌కి (టేపుని చదివే భాగానికి) అంటుకుని తర్వాతి క్యాసెట్లన్నింటికీ పాకుతుంది. బాగున్నవాటికి మొదట పైనున్న రెండు చిన్న ప్లాస్టిక్ ట్యాబులూ విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. తర్వాత ఒకసారి పూర్తిగా ముందుకీ వెనక్కీ చుట్టండి. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. టేపు కింద చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయి ఉంటే శబ్దం వస్తూ పోతూ ఉంటుంది, పాత ఖాళీ క్యాసెట్‌ది తీసి అతికించవచ్చు. గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని కొద్దిగా తిప్పి చూడండి, మాట తేటపడే చోట ఆపండి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలోకి నేరుగా పెడితే గొంతు పగులుతుంది. లైన్‌ఇన్ (ప్లేయర్ వైరు పెట్టే రంధ్రం) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడండి. రికార్డింగ్ సెట్టింగు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. స్టీరియోలో గంటకి ఒక జీబీ పైచిలుకు అవుతుంది. 90 నిమిషాల క్యాసెట్‌కి 90 నిమిషాలూ కూర్చోవాల్సిందే, దీనికి దగ్గరదారి లేదు.

ప్రశ్న: రాసేవాళ్లలో సగం మంది ఒడియాలో రాశారు. తెలుగులోకి మార్చాలా? ప్రెస్‌వాళ్లు ఫాంటు సమస్య అంటున్నారు.
– సంచిక కమిటీ, రాయగడ

జవాబు: మార్చొద్దు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవాళ్లు మీలోనే ఎంతోమంది ఉన్నారు, సార్‌కీ ఆ సంగతి తెలిసే ఉంటుంది. ఎవరు ఏ భాషలో రాస్తే ఆ భాషలోనే వేసి, కింద రెండో భాషలో ఐదారు వాక్యాల సారాంశం ఇవ్వండి. అంతా అనువదిస్తే ప్రూఫు పని రెట్టింపవుతుంది.

ఫాంటు సమస్య నిజమే. మన డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ అను ఫాంట్లు, ఒడియాకి అకృతి లాంటివి వాడుతున్నారు. ఇవి యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తుపట్టే అక్షర సంకేతం) కావు. ఫోన్‌లో వచ్చిన మేటర్ పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే చెత్త అక్షరాలే వస్తాయి, మార్పిడి చేసినా వత్తులు, పొల్లు ‘న్’, కోట్ గుర్తులు, అంకెలు దెబ్బతింటాయి. అంచేత ప్రూఫు మార్పిడికి ముందు కాదు, తర్వాత చూడాలి. ఇన్‌డిజైన్ (అలాంటిదే కొత్త సాఫ్ట్‌వేర్) తెలిసిన కుర్రాడు దొరికితే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఆన్ చేసి రెండు లిపులూ ఒకే ఫైల్లో యూనికోడ్‌లోనే పెట్టవచ్చు. అక్షరం 12 పాయింట్లయితే లైను దూరం 16 ఉంచండి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుతాయి.

పుస్తకానికి డెమ్మీ ఎనిమిదో వంతు సైజు చాలు. పేజీలు 16 చొప్పున లెక్కకట్టుకోండి, ఆ 16 పేజీలు ఒక ఫారం. 128 అయితే సరిగ్గా 8 ఫారాలు. 130 చేస్తే ఆ రెండు పేజీలకి విడిగా ఖర్చు పడుతుంది, కాబట్టి ఎవరిదో ఒక సందేశం తీసేయడమే మేలు (సందేశాలు ఎలాగూ ఎవరూ చదవరు). లోపల 80 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) మ్యాప్‌లితో కాగితం, అట్టకి 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు. 200 కాపీల లోపయితే డిజిటల్ అచ్చు, 500 దాటితే ఆఫ్‌సెట్. మధ్యలో ఉంటే రెండు చోట్లా ధర అడగండి.

ప్రశ్న: ఒకామె సార్ కోపం గురించి రాసింది, కాపీ చించి పారేశారని. వేయాలా?
– అదే కమిటీ

జవాబు: ఆ తర్వాత ఏమైందో కూడా రాయమని అడిగి, వేయండి. ఎందుకు చించారు, మళ్లీ రాయించారా, ఆమె ఏమనుకుంది, ఇవి ఉంటే అది జ్ఞాపకం. లేకపోతే ఫిర్యాదుగా మిగులుతుంది. ఇంట్లోవాళ్లకి అచ్చుకి ముందే చూపించండి, ఆవిష్కరణ సభలో తెలియకూడదు.

ప్రశ్న: ఆయన పాత వ్యాసాలు మళ్లీ వేయడానికి ఎవరి అనుమతి కావాలి? పుస్తకం ఎవరికి పంపాలి?
– పూర్వ విద్యార్థి, బరంపురం

జవాబు: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లదాకా హక్కు వారసులది. ఆయన పత్రికలో ఉద్యోగిగా ఉండి రాసినవైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో వేసుకునే హక్కు యాజమాన్యానిది, పుస్తకంగా తెచ్చే హక్కు ఆయనదే. అంటే ఇంట్లోవాళ్ల చేత కాగితం మీద సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది. ఆయన మీకు రాసిన ఉత్తరాలకీ అదే వర్తిస్తుంది, కాగితం మీ సొంతం, అందులో రాత మీద హక్కు వారసులది. ఫొటోల హక్కు సాధారణంగా ఫొటోగ్రాఫర్‌ది, విడిగా అడగండి.

ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్యకి) రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి, డబ్బు కట్టక్కర్లేదు. అట్ట అచ్చుకి వెళ్లకముందే పెట్టండి. లైబ్రరీలకి పుస్తకాలు అందజేయాలన్న 1954 చట్టం ప్రకారం అచ్చయిన 30 రోజుల్లో ఒక్కో కాపీ కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి మీ ఖర్చుతో పంపాలి. ఆయన పాఠం చెప్పిన డిపార్ట్‌మెంటు లైబ్రరీకి రెండు ఇచ్చి, రిజిస్టర్లో ఎక్కించిన నంబరు రాయించుకుని రండి. బల్ల మీద పెట్టి వస్తే వారం తిరక్కుండా ఎవరో పట్టుకుపోతారు.