సైకిళ్లు కొనకముందే జీతాల లెక్క చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ, వయసు 36. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వరంగల్ కోట, రామప్ప, లక్నవరం చూపించే మూడు రోజుల సైకిల్ యాత్రలు నడపాలని ఉంది. చేతిలో 14 లక్షలున్నాయి. 20 సైకిళ్లు, ఒక పాత వ్యాను కొని, నెలకు 15,000 చొప్పున నలుగురిని పెట్టుకుంటాను. మనిషికి 7,500 తీసుకుంటే తిండి, బస, డీజిల్ పోను 2,500 మిగులుతుంది. తక్కువ పడితే ఇంట్లో బంగారం కుదువ పెడతాను. మా ఆవిడ టీచర్, జీతం 28,000. ఇంటి ఖర్చు కిస్తీతో కలిపి 48,000. ముందుకు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు, ఈ పద్ధతిలో మాత్రం వద్దు. మీ ప్లాన్‌లో నన్ను భయపెట్టింది సైకిళ్ల ఖర్చు కాదు, ఆ నాలుగు జీతాలు.

నెలకు 60,000 అంటే ఏడాదికి 7.2 లక్షలు. మనిషికి మిగిలే 2,500తో భాగిస్తే, జీతాలకే 288 మంది రావాలి. మన దగ్గర హాయిగా సైకిల్ తొక్కగలిగేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అంటే 17 వారాంతాలు. ఒక్క వారం కూడా తప్పకుండా 17 మంది వస్తే జీతాలు గడుస్తాయి, మీకు రూపాయి మిగలదు. మార్చి నుంచి ఎండలు, జూన్ నుంచి వానలు. జీతాలు మాత్రం పన్నెండు నెలలూ ఇవ్వాల్సిందే. మేడారం జాతర జరిగే ఏడాదిలో ఆ 17 కూడా ఉండవు. జాతరకు ముందూ వెనకా ములుగు రోడ్డు బండ్లతో నిండిపోతుంది, గదులు దొరకవు. ఆ రోజుల్లో అతిథిని సైకిల్ మీద ఆ రోడ్డెక్కించకండి.

అందుకే ట్రిప్పు ఉన్నప్పుడే ఖర్చు ఉండేలా కట్టుకోండి. సైకిళ్లు, వ్యాను అద్దెకు, గైడ్లు రోజుకూలికి. నెల జీతం ఒక్కరికే, మెకానిక్‌కి. చైను తెగినా, బ్రేకు పట్టకపోయినా అతిథి నమ్మకం నిలబడేది ఆ ఒక్కడి చేతిలో. అతన్ని సీజన్ అయ్యాక వదిలేస్తే మళ్లీ దొరకడు. నెలకు 18,000 ఇచ్చి ఏడాదంతా ఉంచుకోండి. ఎండాకాలంలో, బడులు తెరిచే ముందు, పిల్లల సైకిళ్ల రిపేర్లు పట్టుకుంటే అతని జీతంలో కొంత అక్కడే వస్తుంది.

ధర 9,000 చేయండి. పది మంది వస్తే 90,000. తిండి, బసకు 35,000, డ్రైవరుతో వ్యానుకు 13,500, రోజుకు 1,500 చొప్పున ఇద్దరు గైడ్లకు 9,000, రోజుకు 300 చొప్పున సైకిళ్ల అద్దె 9,000 అనుకుందాం. మిగిలేది 23,500. పది ట్రిప్పులతో మెకానిక్ ఏడాది జీతం 2.16 లక్షలు తీరుతుంది. ఐదుగురే వస్తే మిగిలేది 500. కాబట్టి ఆరుగురికి తగ్గితే బయల్దేరకండి, ఆ మాట బుకింగ్ రోజే చెప్పండి. మొదటి ఏడు మీకంటూ పెద్దగా మిగలదని ఇంట్లో కూడా ఇప్పుడే చెప్పండి.

గైడ్లను పాలంపేట, గోవిందరావుపేట వైపు కుర్రాళ్లలోంచే తీసుకోండి. వాళ్లకు దారులు తెలుసు, ఏ ఊళ్లో కుక్కలు వెంటపడతాయో కూడా తెలుసు. అయితే మీ సీజనూ వాళ్ల యాసంగి నాట్లూ ఒకేసారి వస్తాయి. ఫిబ్రవరిలో మిర్చి ఏరడం మొదలవుతుంది. ఇద్దరు కావాలంటే ఐదుగురికి నేర్పించి ఉంచండి. కూలి ఆ సాయంత్రమే చేతిలో పెట్టండి. పొలం పని వదులుకుని వచ్చిన మనిషిని వారం తిప్పించుకోవడం అన్యాయం, పైగా వచ్చే వారం అతను రాడు.

గైడు లేకుండా మ్యాపు ఇచ్చి పంపే పద్ధతి ఇక్కడ ఇప్పుడే వద్దు. హనుమకొండ నుంచి రామప్పకు 65 కిలోమీటర్లు ఉంటుంది, లారీలు తిరిగే హైవే. ములుగు దాకా వ్యానులో తీసుకెళ్లి, ఊరి రోడ్ల మీద సైకిలెక్కించండి. ప్రతి అతిథికీ ప్రమాద బీమా తప్పనిసరి.

జీఎస్టీ గురించి ఒక్క మాట. ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. పది మందితో 22 ట్రిప్పులైతే 19.8 లక్షలు, కనుక మొదటి సీజన్‌లో ఆ గడప దాటరు.

ఇక మీ 14 లక్షలు. ఇంటికి నెలకు 20,000 తక్కువ పడుతుంది కాబట్టి రెండేళ్లకు 5 లక్షలు ఎఫ్‌డీలో వేయండి. వ్యాపారానికి 3 లక్షలు. మిగిలిన 6 లక్షలు సీజన్ ముగిసేదాకా తీయకండి. రెండో ఏట సొంత సైకిళ్లు కావాలంటే చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర పథకంలో కిశోర్ అనే విభాగం కింద తాకట్టు లేకుండా 5 లక్షల వరకు లోన్ ఉంది. ఆవిడ బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

రాజీనామా ఇంకా ఇవ్వకండి. ఉద్యోగంతోపాటు కంపెనీ ఆరోగ్య బీమా కూడా పోతుంది, ముందు కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి. ఈ నవంబరులో నాలుగు ఆదివారాలు పొద్దున్నే కోట కీర్తి తోరణాల నుంచి వేయిస్తంభాల గుడి దాకా, అద్దె సైకిళ్ల మీద డబ్బు తీసుకుని జనాన్ని తిప్పండి. ఎంతమంది వచ్చారో, వాళ్లలో ఎందరు మళ్లీ వస్తామన్నారో రాసి పంపండి. అప్పుడు రాజీనామా తేదీ మాట్లాడుకుందాం.