నెల్లూరు యాస కావాలంటే ముందు 'అబ్బా' తగ్గించు

ప్రశ్న: సార్, మాది గుంటూరు, ఉద్యోగం నెల్లూరు పక్కన కోవూరులో. ఈ జిల్లాలోనే ఉన్న పల్లెపాడు ఆశ్రమాన్ని గాంధీగారు 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన రోజుని మా ఫ్రెండ్స్ అంతా వేషాలేసుకుని చూపిద్దామనుకుంటున్నాం. నాది ఆయన్ని చూడ్డానికి పక్కూరి నుంచి వచ్చిన రైతు వేషం. మాటమాటకీ 'ఏందబ్బా' తగిలిస్తున్నా కానీ మా ఇంటి ఓనరుగారి పిల్లలు ఒకటే నవ్వు. వందేళ్ల కిందటి యాస ఎట్లా నేర్చుకోవాలి?

జవాబు: నవ్వరా మరి తమ్ముడూ, 'ఏందబ్బా' అని వెంటనే 'నేను వస్తున్నాను' అంటే! మా యాసంతా క్రియ చివర్న ఉంటది. 'వస్తా ఉండా', 'పోతా ఉండాడు', 'ఆడ శానామంది ఉండారు', ముందు ఈ 'ఉండా' నోటికి పట్టించు, వారం పట్టినా సరే. తర్వాత ఎట్టా, అట్టా, యాడ, ఈడ. పిల్లలు కాదు పిలకాయలు, త్వరగా కాదు గొబ్బున, వరి మడిని కయ్య అంటాం. 'అబ్బా' సీనుకి రెండుసార్లు చాలు.

ఇంక గురువు సంగతి. పల్లెపాడు చుట్టుపక్కలే సేద్యం చేసిన ఎనభై దాటిన పెద్దాయన్ని ఒక్కడిని పట్టుకో, పదిమందిని కలిపితే ఎవరి యాసా రాదు, కావలి దాటి ఒంగోలు వైపు పోతే ఒక తీరు, సూళ్లూరుపేట వైపు పోతే తమిళం గాలి తగిలి ఇంకో తీరు. 'మీ యాస చెప్పండి తాతా' అన్నావో ఆయన వెంటనే రేడియో తెలుగులోకి పోతాడు, అది అడక్కుండా నాట్ల గురించో పెన్నకి వరదొచ్చిన రోజు గురించో అడిగి, ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసుకో. అందులో అయిదు నిమిషాల ముక్క తీసుకుని రోజూ ఆయనతోపాటే, ఆయన ఊపిరి తీసుకున్న చోటే నువ్వూ తీసుకుంటా పలుకు. ఆయన మాట అచ్చంగా 1921ది కాదులే, కానీ ఆయనకి మాటలు నేర్పినోళ్లు ఆ కాలం వాళ్లే కదా.

పాత ఉత్తరాలు, పత్రికలు చూసి డైలాగులు రాయొద్దు, అప్పట్లో ఇంట్లో ఒకటి మాట్లాడి కాగితమ్మీద గ్రాంథికం పెట్టేవాళ్లు. ఒంగోల్లో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం లైబ్రరీలో దొరికితే చూడు, వ్యవసాయం సంపుటం 1962లో వచ్చింది, చేనేతది 1971లో. నాగలి ముక్కల్ని, మగ్గం ముక్కల్ని ఏ వైపు ఏమంటారో అందులో ఉంటది, ఆశ్రమంలో రాట్నాలు తిప్పే మీ వాళ్లకి రెండోది పనికొస్తది.

యాస కంటే ముందు దొరికిపోయేది లెక్కల్లో. ఒకసారి ఇట్టాంటి పాతకాలం నాటకంలో నేను 'రెండు కిలోల బెల్లం' అన్నా, ముందు వరసలో ముసలాయన 'అప్పుడు కిలోలు యాడివిరా' అని గట్టిగా అరిచాడు, ఆ రోజు నా వేషం అక్కడితో సరి. నీ రైతుకి సేర్లు, అయిదు సేర్లయితే వీశ, ఎనిమిది వీశలయితే మణుగు. రూపాయికి పదహారు అణాలు, 'బేడ' అంటే రెండణాలు, 'కానీ' అంటే అణాలో పావు. రూపాయికి వంద పైసలనేది 1957 ఏప్రిల్ 1న వచ్చింది.

ఇంకో మాట, యాసని కామెడీ చెయ్యొద్దు. ఆ రోజు వచ్చిన రైతు ఎవర్నీ నవ్వించడానికి రాలేదు.

ప్రశ్న: అదే నాటకంలో నాదీ వేషం ఉంది సార్. రైతు నోట ఇంగ్లీషు మాటలు రావచ్చా?

జవాబు: కొన్ని రావచ్చు. రైలు, టిక్కెట్టు, కోర్టు, కలెక్టరు, లాంతరు అప్పటికే మనవైపోయినయ్. అర్జీ, తాసిల్దారు, జమాబందీ (ఏటా శిస్తు లెక్కలు తేల్చడం) ఇంకా ఎక్కువ పలికించు. టెన్షను, ఫ్రీ, ప్రాబ్లం మాత్రం వద్దు. సైకిలు ఊళ్లో ఎవరికన్నా ఉండొచ్చు గానీ నీ రైతుకి ఎందుకులే, నడిచొచ్చాడనుకో.