సమాధానం: మీ సీడీ నకిలీది కాదండీ

జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లీ బృందం 'క్యాచ్ ఎ ఫైర్' ఆల్బమ్ సెట్‌లో మొదటి డిస్క్ పెడితే 'కాంక్రీట్ జంగిల్' పాట మధ్యలో గిటార్ సోలో రావట్లేదని, మోసపోయానేమో అని టెన్షన్ పడుతున్నారు కదా. పడకండి. మీ దగ్గర ఉన్నది 2001లో వచ్చిన రెండు డిస్కుల సెట్. మొదటిదాంట్లో ఉన్నది జమైకాలో చేసిన అసలు మిక్స్. మనకు అలవాటైన 1973 ఆల్బమ్ రెండోదాంట్లో ఉంది.

1972లో కింగ్‌స్టన్‌లో రికార్డు చేసిన టేపుల్ని లండన్ తెచ్చాక, ఐలాండ్ రికార్డు కంపెనీ అధినేత క్రిస్ బ్లాక్‌వెల్ రాక్ శ్రోతలకు నచ్చేలా వాటికి హంగులు చేర్పించాడు. ఆ సోలో వాయించింది అలబామా గిటారిస్టు వేన్ పెర్కిన్స్. అప్పటిదాకా రెగే అనే ఆ జమైకా సంగీత శైలితో ఆయనకు పెద్దగా పరిచయమే లేదు, వింటే నమ్మబుద్ధి కాదు! కీబోర్డులు టెక్సాస్ వాడైన 'రాబిట్' బండ్రిక్‌వి.

ఒక గుర్తు: మొదటి డిస్కులో పాటలు పదకొండు, రెండోదాంట్లో తొమ్మిదే. 'హై టైడ్ ఆర్ లో టైడ్' ఉందంటే అది జమైకా మిక్సే. నాకైతే ఆ హంగుల్లేని మిక్సే ఇష్టం. ఓసారి హెడ్‌ఫోన్స్‌లో బేస్ వినండి.