బాబాయి ఉత్తరాలు అచ్చు వేయొచ్చా?

సందేహం: బెంగళూరు మల్లేశ్వరంలో ఉంటాం. మా బాబాయి కాన్‌బెర్రా బాంబర్ పైలట్. 1971 యుద్ధంలో చనిపోయేనాటికి 24 ఏళ్లు, పెళ్లి కాలేదు. నానమ్మకు ఆయన రాసిన 14 ఇన్‌లాండ్ ఉత్తరాలు నాన్న పెట్టెలో దొరికాయి. తాతయ్య, నానమ్మ, నాన్న ముగ్గురూ లేరు. పుస్తకం వేసి తెలిసినవాళ్లందరికీ ఉచితంగా పంచుదామంటే చెన్నైలోని మేనత్త ‘ఇంటి పరువు, వద్దు’ అంటున్నారు. ఆపే హక్కు ఆమెకుందా?

జవాబు: ఉంది. కాకపోతే ఆమె చెప్పే కారణం వల్ల కాదు.

కాగితం వేరు, రాత వేరు. కాగితం ఉత్తరం అందుకున్నవారిది. కాపీరైట్ రాసినవారిది, వారి తర్వాత వారసులది. బాబాయి వీలునామా రాయలేదనుకుంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయనవన్నీ తల్లికే వస్తాయి. అప్పటికి తండ్రి బతికున్నా వాటా లేదు. ఈ మాట చెబితే నా ఆఫీసులో పెద్దాయనలు ఇప్పటికీ నమ్మరు. నానమ్మా వీలునామా రాయకుండా, తాతయ్య తర్వాత పోయుంటే, కాగితాలూ కాపీరైటూ నాన్నకూ అత్తకూ చెరిసగం. నాన్న సగంలో మీతోపాటు మీ అమ్మగారు, తోబుట్టువులు ఉంటారు. పెట్టె మీ ఇంట్లో ఉండటం లెక్కలోకి రాదు.

50 ఏళ్లు దాటాయి కదా అంటారేమో. రాసినవారు బతికుండగా అచ్చుకాని రచనకు 60 ఏళ్ల గడువు, అచ్చయిన మరుసటి ఏడాది నుంచే మొదలవుతుంది. 2026లో వేస్తే 2086 చివరిదాకా. ఉచితంగా పంచినా అది ప్రచురణే.

కాబట్టి అత్తగారి అనుమతి రాతపూర్వకంగా కావాలి. ఎంతకాలానికో అందులో రాయించండి, రాయకపోతే చట్టం 5 ఏళ్లే అనుకుంటుంది. నోటీసు మాత్రం పంపకండి. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి చెన్నైలో ఉంటారు. మీరు పంపిన ఫొటోలో, జిగురు అంటించే అంచు మీద కూడా సన్నటి అక్షరాలతో ‘చెల్లి ఫీజు కట్టారా?’ అని ఉంది. ఆ ఉత్తరం ఆమె చేతిలో పెట్టండి.

ఇక పరువు. పోయినవారి పరువు, గోప్యత వారితోనే పోతాయని, వారసులకు రావని మద్రాసు హైకోర్టు 2021లో జయలలిత జీవితకథ సినిమా కేసులో చెప్పింది. అయితే ఏడో ఉత్తరంలో ఒక అమ్మాయి పేరుంది. ఆవిడ బతికే ఉంటే, ఆవిడ గోప్యత బతికే ఉన్నట్టు. అత్తగారి బెంగ బహుశా ఆ పేరు గురించే. దాన్ని తీసేస్తామని ముందు చెప్పి చూడండి, సంతకం మాట తర్వాత.